సృజనాత్మకతకూ గైడు దొరుకుతుంది

మా పదో తరగతి తెలుగు వాచకంలో అలిశెట్టి ప్రభాకర్ ‘నగరగీతం’ ఒక పాఠం. ప్రభాకర్ మా జగిత్యాల మనిషి. ఫొటో స్టూడియో పెట్టుకుని, బొమ్మలు గీసుకుంటూ, నాలుగైదు పంక్తుల్లోనే మనిషిని నిలదీసే కవితలు రాసి, 1993లో క్షయతో హైదరాబాద్‌లో పోయాడు. నగరం మీద ఆయన రాసింది చదివాక, పల్లె మీద మీరొక కవిత రాయండని పిల్లల్ని అడగడం మా దగ్గర మామూలు. అంతకంటే మంచి ప్రశ్న ఉండదు. మా బడి పిల్లలకు పల్లె తెలిసినంతగా నాకూ తెలియదు. అయినా ఆ ప్రశ్న బోర్డు మీద పడగానే వెనక బెంచీలోంచి ఏటా ఒకటే మాట. “సార్, గిది పరీక్షల అత్తదా?”

వస్తుందంటే గైడు తీస్తారు. రాదంటే పెన్నుకు మూత పెడతారు.

గైడులో పల్లె మీద కవిత సిద్ధంగా ఉంటుంది. పచ్చని పైర్లు, కోడికూత, కల్లాకపటం తెలియని మనుషులు, చివర్లో పల్లెను తల్లీ అని పిలిచి ఒక దండం. అది రాసిన పెద్దమనిషి ఎక్కడ కూర్చుని రాశాడో గాని మా వైపు ఎన్నడూ వచ్చినట్టు లేదు. మా ఊళ్లో ఎన్నో ఇళ్లలో నాన్న దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు, రాత్రిపూట ఫోన్‌లో కనిపిస్తాడు. అమ్మ ఒళ్లో బీడీల చాట ఉంటుంది. పసుపు తవ్వే రోజుల్లో ఉడకబెట్టిన కొమ్ముల వాసన వాడంతా కమ్ముకుంటుంది. మక్కచేను మీద కోతులు పడితే బడి మానేసి కావలికి పోయే పిల్లలున్నారు. ఇవేవీ జవాబు పత్రంలోకి రావు. కోడి మాత్రం ప్రతి మార్చిలోనూ కూస్తుంది.

పరీక్షల చదువులో సృజనాత్మకతకు చోటు లేదని పత్రికల్లో తరచూ చదువుతుంటాం. నా ఫిర్యాదు అది కాదు. చోటుంది, పేరు పెట్టి మరీ ఉంది. 2014-15లో పదో తరగతికి కొత్త పుస్తకాలు, కొత్త పరీక్ష విధానం వచ్చాయి. 2015 మార్చిలో మా తెలంగాణ పిల్లలు ఆ పద్ధతిలో మొదటిసారి పరీక్ష రాశారు. అప్పటి నుంచి మా పాఠాల్లో ‘వ్యక్తీకరణ – సృజనాత్మకత’ అని ఒక విద్యా ప్రమాణం. దాని కింద లేఖ, కరపత్రం, సంభాషణ, ఏకపాత్రాభినయం, ఇంటర్వ్యూకు ప్రశ్నావళి, నినాదాలు, వచన కవిత. పెట్టినవాళ్ల ఉద్దేశం మంచిదే. పాఠంలో ఉన్నది ఉన్నట్టు అడగొద్దు, పిల్లవాడు ఆలోచించి సొంతంగా రాసేలా అడగండి అని శిక్షణ తరగతుల్లో మాకు గట్టిగానే చెప్పారు. ఇక గైడ్ల దుకాణం కట్టేసినట్టేనని మాలో కొందరు సంబరపడ్డారు కూడా.

గైడ్లు కొన్నాళ్లు తడబడ్డాయి. తర్వాత తేరుకున్నాయి. ఇప్పుడు కరపత్రం అంటే ‘సోదర సోదరీమణులారా’ అని మొదలవ్వాలి, ‘ఇట్లు’ అని ముగియాలి, మధ్యలో ఆరు వాక్యాలు. ప్లాస్టిక్ వద్దన్నా, నీళ్లు పొదుపు చేయమన్నా ఆ ఆరు వాక్యాల్లో నాలుగు మారవు. ఏకపాత్రాభినయానికి ఒక మూస, అభినందన పత్రానికి ఒక మూస. పరీక్ష బయట ఉన్నన్నాళ్లు సృజన ఏదో ఒక మూల బతికేది. లోపలికి పిలిచి మార్కులిచ్చాం. మార్కులున్న ప్రతిదానికీ మన దగ్గర బట్టీ పట్టడానికి ఒక పేజీ తయారవుతుంది, దీనికీ అయింది.

నమ్మకపోతే ఏప్రిల్‌లో స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్లిన తెలుగు పండితుల్ని అడగండి. మనిషికి రోజుకు నలభై పేపర్లు. ఆరు గంటలు తలెత్తకుండా దిద్దినా ఒక్కోదానికి తొమ్మిది నిమిషాలు. ప్రతిపదార్థాలు, జవాబులు, వ్యాకరణం, బిట్లు, మొత్తాలు కూడటం అన్నీ అందులోనే. దర్శనీయ స్థలం గురించి మిత్రునికి లేఖ రాయమని ప్రశ్న వచ్చిందనుకోండి. ఒక బండిల్‌లో పాతిక మంది వరసపెట్టి గోలకొండ చూసి వస్తారు. అందరూ ఒకే బస్సులో పోతారు, ఒకే మిత్రుడికి రాస్తారు. మిత్రుడి వీధి పేరు కూడా మారదు. కింద చప్పట్లు కొడితే పైన వినిపించిందని పాతిక మందీ ఆశ్చర్యపోతారు, అందులో హైదరాబాద్ ముఖం చూడనివాళ్లూ ఉంటారు. మార్కులు నిండుగా పడతాయి. తేదీ ఉంది, సంబోధన ఉంది, విషయం ఉంది, చిరునామా ఉంది. మూల్యాంకన సూత్రాలు అడిగేవి అవే.

అలాంటి చోట ఒకసారి పక్క టేబుల్ సార్‌కు వేరే రకం లేఖ తగిలింది. తాను ఏ కోటా చూడలేదని ఆ పిల్లవాడు మొదటి వాక్యంలోనే చెప్పేశాడు. అమ్మకు ఆపరేషన్ అయితే తోడుగా జిల్లా ఆస్పత్రిలో ఉన్నాడట. అంత పెద్ద బిల్డింగు చూడటం అదే మొదలట. రాత్రి వరండాలో పడుకునేవాళ్లు చెప్పులు పోకుండా తలకింద పెట్టుకుంటారని రాశాడు. లిఫ్టు ఉందిగాని స్ట్రెచర్ వస్తేనే తలుపు తీస్తారు, అందుకని ఎవరిదో ఒక స్ట్రెచర్ వచ్చేదాకా కాచుకుని దాని పక్కన తానూ చుట్టంలా ఎక్కేవాడు. పొద్దున ఎవరో దాతలు ఉప్మా పంచితే, రెండో పొట్లం కోసం అంగీ మార్చుకుని మళ్లీ వరసలో నిలబడ్డాడు. మిత్రుడికి ముగింపు ఇది: “నువ్వు గూడ ఒక్కసారి చూడాలె, గని మీ ఇంట్ల ఎవ్వలికి పానం బాగలేకుంట గావద్దు.”

ఆ పేజీ చేతులు మారి నా దాకా వచ్చింది. పడిన మార్కులు సగం కంటే తక్కువ. ఆస్పత్రి దర్శనీయ స్థలం కాదు గనక విషయానికి కొన్ని పోయాయి, ఇంటి యాస గనక భాషకు కొన్ని పోయాయి. దిద్దిన సార్‌ను నేను తప్పు పట్టను. ఎక్కువ వేస్తే ఏ సూత్రం ప్రకారం వేశారని పైన కూర్చున్న చీఫ్ ఎగ్జామినర్ అడుగుతారు. ఆ లేఖకు సూత్రం లేదు, గోలకొండకు ఉంది.

యాస సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. అదే వాచకంలో సామల సదాశివ ‘ఎవరి భాష వాళ్లకు వినసొంపు’ పాఠం ఉంది. పాకాల యశోదారెడ్డి ‘కొత్తబాట’ ఉంది, మన పల్లె మాటల కమ్మదనంతో నడిచే కథ అది. యాస ఎంత గొప్పదో వివరించండి అంటే గైడు భాషలో గంభీరంగా వివరించినవాడికి మార్కులు. ఆ యాసలోనే మిత్రుడికి ఉత్తరం రాసినవాడికి కోత. సదాశివ సార్ ఉంటే ఏమనేవారో!

సరే, రాత పరీక్ష బయట ఏమైనా మిగిలిందా? ఇరవై అంతర్గత మార్కుల సంగతి చూద్దాం. ఫార్మెటివ్ అసెస్‌మెంట్‌లో నాలుగు భాగాలు, ఒక్కోదానికి అయిదు. పుస్తక సమీక్ష లాంటి ప్రతిస్పందనలు, రాత పని, ప్రాజెక్టు, లఘు పరీక్ష. కాగితం మీద ఇంత ముచ్చటైన ఏర్పాటు మరోటి కనపడదు. పిల్లలు తమకు నచ్చిన పుస్తకం తీసుకుని చదివి, తోచింది రాయాలి. జరిగేదేమంటే తరగతి మొత్తానికీ ఒకే పుస్తకం నచ్చుతుంది, గైడులో సమీక్ష ఉన్న పుస్తకం. ప్రాజెక్టులు స్టేషనరీ షాపులో రెడీమేడ్‌గా దొరుకుతాయి. బొమ్మలు అంటించి ఉంటాయి, పేరు రాసుకోవడానికి గీత ఖాళీగా ఉంటుంది. చాలా ప్రైవేటు బడుల్లో ఇరవైకి ఇరవై తేలిగ్గా పడిపోతాయన్నది ఊరందరికీ తెలిసిన రహస్యం.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఈ అంతర్గత మార్కుల్ని ఎత్తేశారు. తెలంగాణలో 2024 నవంబర్‌లో ఎత్తేస్తున్నామని ప్రకటించారు, సగం చదువు అయ్యాక ఇదేమిటని గోల రేగితే ఆ ఏడాదికి ఆగారు. దొంగ మార్కులు తీసేయడం సబబే కావచ్చు. కాని ప్రాజెక్టును పాడుచేసింది మార్కుల ఆశ అయినప్పుడు, ప్రాజెక్టును తీసేసి రాత పరీక్షను వందకు పెంచడం ఏ రకం వైద్యమో నాకు బోధపడలేదు. ఇంకో ముచ్చట. ‘కళలు – సాంస్కృతిక విద్య’కు కూడా గ్రేడు ఇవ్వాలి. డ్రాయింగ్ టీచర్ లేని బడిలోనూ, డ్రాయింగ్ పీరియడ్‌ను లెక్కల సార్ స్పెషల్ క్లాసుకు తీసుకున్న బడిలోనూ ఆ గడి నింపాల్సిందే. బొమ్మ గీసి ఎరగని పిల్లకు కళల్లో మంచి గ్రేడు వస్తుంది. దానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు, ఎందుకంటే అది ఏ సీటునూ తేల్చదు.

మరి మీరేం చేస్తారని నన్ను అడగొచ్చు. ఫిబ్రవరి వచ్చిందంటే గోలకొండ లేఖ నేనే బట్టీ పట్టిస్తాను. అందుకు సిగ్గుపడను. తల్లి బీడీలు చుట్టి చదివిస్తున్న పిల్లతో మార్కులు ముఖ్యం కాదమ్మా అని చెప్పే హక్కు నెలనెలా జీతం తీసుకునే నాకు లేదు. బాసర ట్రిపుల్ ఐటీలో సీటు పదో తరగతి ఫలితాన్ని బట్టే వస్తుంది. 2008లో పెట్టిన ఆ సంస్థ మాలాంటి ఊళ్లకు చేసిన మేలు చిన్నది కాదు. కోచింగ్ కొనుక్కోలేని ఇళ్ల పిల్లలు అక్కడ ఆరేళ్లు హాస్టల్లో ఉండి ఇంజనీర్లయి వస్తున్నారు. గ్రేడ్ల రోజుల్లో సర్కారు బడి పిల్లలకు 0.4 పాయింట్లు కలిపి జాబితా వేసేవారు. అంత సన్నని తేడాల మీద జీవితాలు అటో ఇటో అయ్యే చోట, సొంతంగా లేఖ రాసి రెండు మార్కులు పోగొట్టుకోమని నేను చెప్పను. పరీక్షలే వద్దని వ్యాసాలు రాసేవాళ్ల మీద నాకు చిరాకు కూడా అందుకే. వాళ్ల పిల్లలకు పరీక్ష పోయినా పరిచయాలుంటాయి. మా పిల్లలకున్న పరిచయం హాల్ టికెట్టే. పరీక్ష ఉండాలి, అది అడిగే తీరు మారాలి.

కార్పొరేట్ కాలేజీల కథ అందరికీ తెలిసిందే, దాని మీద ఎక్కువ రాయను. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్, ఇంటర్లో రాత్రి దాకా స్టడీ అవర్లు, వారం వారం ర్యాంకులు, ఫలితాల రోజున టీవీలో ఒకటీ ఒకటీ ఒకటీ అని అరుపులు. తెలుగు మాస్టరుగా ఒక్క విషయం మాత్రం చెప్పక తప్పదు. తెలంగాణలో 2018లో చట్టం చేసి మరీ పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి చేసుకున్నాం. ఇంటర్లో చేరగానే ఎంతోమంది సంస్కృతానికి మారిపోతున్నారు. కాళిదాసు మీద ప్రేమతో కాదు, అందులో తొంభై తొమ్మిది తెచ్చుకోవడం సులువని. ఇది రెండు భాషలకూ అవమానమే.

ఇంతకూ పిల్లల్లో సరుకు లేదా? ఎనిమిదో తరగతిలో ఒకసారి, ఇది పరీక్షలో రాదని ముందే చెప్పేసి, ఇంట్లో రోజూ చూసే ఒక పనిని ఏమీ తెలియని మనిషికి నేర్పుతున్నట్టు రాయమన్నాను. మొదట గుసగుసలు. రాకపోతే ఎందుకు రాసుడు సార్ అని ఒకడు నేరుగానే అడిగాడు. తర్వాత ఒక్కొక్కరే తల దించారు. ఒక పిల్ల బీడీ పని రాసింది. తునికాకును నానబెట్టడం, తడిగుడ్డలో చుట్టి ఉంచడం, కొలత పెట్టి కత్తెరతో కోయడం, కొస మడవడంలో గోటి పని, ఇరవై అయిదు బీడీలకు ఒక కట్ట. తంబాకు ఎంత పోయాలో కళ్లకు తెలియదట, వేళ్లకే తెలుస్తుందట. “మా అమ్మకు సీరియల్‌ల ఏడుపు సీను వస్తె కండ్లల్ల నీళ్లు వస్తయి, చేతులు మాత్రం ఆగయి. కరెంటు పోతె ఆగుతయనుకుంటరు. అప్పుడు గూడ ఆగయి.” చివర్లో ఒక ప్రశ్న వేసింది: కార్ఖానాలో బాగా లేవని పక్కకు తీసిన బీడీలు ఎటు పోతాయి, మాకు తిరిగి ఎందుకు ఇవ్వరు?

ఇది తరగతిలో చదివి వినిపిస్తే ఇంకో పిల్ల లేచి, వాళ్ల అమ్మ కట్టల్లోంచి వారానికి ఎన్ని తీసేస్తున్నారో చెప్పింది. మూడో పిల్ల దానికి కూలి లెక్క కట్టింది. తెలుగు పీరియడు కాస్తా లెక్కలు, సాంఘికశాస్త్రం అయిపోయింది. బడి సంచి బరువు కంటే అర్థం కాని చదువు బరువే ఎక్కువని 1993లోనే యశ్‌పాల్ కమిటీ చెప్పింది. మనం మాత్రం ఏ తరగతికి ఎన్ని కిలోల సంచి ఉండాలో ఉత్తర్వులు ఇచ్చుకున్నాం.

ఆ పిల్ల కాగితాన్ని ఫొటో తీసి, వాళ్ల అమ్మ ఫోన్ ద్వారా దుబాయిలో ఉన్న తండ్రికి పంపించాను. రాత్రికి వాయిస్ మెసేజ్ వచ్చింది. “శాన మంచిగ రాసింది సార్. ఎన్ని మార్కులకు సార్ ఇది?” ఆయన్ను చూసి నవ్వకండి. అంత దూరాన ఉన్న మనిషికి బిడ్డ చదువు ఎలా సాగుతోందో తెలియడానికి మనం ఇచ్చిన కొలత అదొక్కటే.

నేను అడిగేది చిన్న మార్పు. ఎనిమిదో తరగతికి నేనిచ్చిన ఆ ప్రశ్న లాంటిది ఒక్కటి పదో తరగతి తెలుగు పేపర్లో ఉండాలి. జవాబు పిల్లవాడి ఇంట్లోనో వీధిలోనో తప్ప మరెక్కడా దొరక్కూడదు. మీ ఇంట్లో అందరికంటే ఎక్కువ చప్పుడు చేసే వస్తువు ఏది, అది ఎప్పుడు ఊరుకుంటుంది? మీ నాయనమ్మకు కోపం వచ్చిందని ఎలా తెలుస్తుంది? బడి గేటు బయట సాయంత్రం అయిదింటికి ఎవరెవరు ఉంటారు? ఏటా ఒక కొత్త ప్రశ్న. గైడువాళ్లు వీటికీ జవాబులు అచ్చేస్తారని అంటారు. వేయనివ్వండి. పాతిక మంది నాయనమ్మలు ఒకే తిట్టు తిడితే దిద్దేవాడికి వెంటనే దొరికిపోతుంది.

ఇలాంటి జవాబులకు దిద్దేవాళ్లు తలా ఒక రకంగా మార్కులు వేస్తారన్నది అసలు అభ్యంతరం. అది నిజమే. ఇప్పుడు అందరూ ఒకే రకంగా వేస్తున్నారా? గుండ్రటి దస్తూరికి ఒక మార్కు ఎక్కువ పడుతుందని నమ్మే తల్లిదండ్రులు డబ్బులు కట్టి మరీ దస్తూరి క్లాసులకు పంపుతున్నారు. చందమామ ఫొటో వ్యాఖ్యల పోటీ దశాబ్దాల పాటు నడిచింది. రెండు ఫొటోలు, జత కుదిరే రెండు వ్యాఖ్యలు, ఒక పోస్టుకార్డు. ఏది బాగుందో వాళ్లు కీ పేపరు లేకుండానే తేల్చేవారు. మేమూ తేల్చగలం, కాస్త సమయమిస్తే. రోజుకు నలభై పేపర్లకు బదులు ముప్పై ఇస్తే స్పాట్ రోజులు మూడో వంతు పెరుగుతాయి, ఫలితాలు కొన్నాళ్లు ఆలస్యమవుతాయి. ఆకాశం విరిగి పడదు. నేరుగా మార్చి పరీక్షలో పెట్టడానికి భయమైతే ముందు ఎనిమిది, తొమ్మిది తరగతుల సమ్మెటివ్ పేపర్లలో పెట్టి చూడొచ్చు. అక్కడ ఎవరి సీటూ పోదు.

ప్రశ్నపత్రాలు తయారుచేసేవారికి, మూల్యాంకన సూత్రాలు రాసేవారికి నా మనవి ఇది. సూత్రాల్లో మూడు వాక్యాలు చేర్చండి. స్వయంగా చూసి రాసినదానికి మార్కులు ఇవ్వాలి. ఇంటి యాసలో రాసినందుకు కోయకూడదు. అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్న లేఖలకు సగం మించి వేయకూడదు. ఇందుకు కొత్త వాచకం గాని, కొత్త కమిటీ గాని అక్కర్లేదు. ఈ మూడు వాక్యాలు వచ్చిన ఏడాది నుంచి గోలకొండ లేఖ బట్టీ పట్టించడం నేను మానేస్తాను.